450 తరగతి హెలికాప్టర్‌లో రిసీవర్ యాంటెన్నాలు ఎటు తిప్పి కట్టాలి?

కొత్తరెక్క (కరీంనగర్)

అందరికీ నమస్కారం. ఈ మధ్యే ఒకరు వాడిన 450 తరగతి ఎలక్ట్రిక్ హెలికాప్టర్ (రిమోట్‌తో ఎగిరే మోడల్) కొన్నాను. కార్బన్ ఫ్రేము, అల్యూమినియం టెయిల్ బూమ్, బెల్టుతో తిరిగే తోక, మూడు సెల్‌ల లైపో బ్యాటరీ. రిసీవర్ 2.4 గిగాహెర్ట్జ్‌ది. దానికి రెండు యాంటెన్నాలు ఉన్నాయి. పాత యజమాని రిసీవర్‌ను రెండు కార్బన్ పలకల మధ్య కూర్చోబెట్టి, రెండు యాంటెన్నాలనూ పక్కపక్కనే ఒకే టేపు కింద ఫ్రేము లోపలి వైపు అంటించారు. చూడటానికి చాలా శుభ్రంగా ఉంది.

దగ్గరలో హోవర్ చేస్తే (గాలిలో ఒకేచోట నిలిపితే) ఏ ఇబ్బందీ లేదు. మైదానం అవతలి అంచు దాకా పోయి ముక్కు నా వైపు తిప్పినప్పుడు మాత్రం ఒక్క క్షణం స్టిక్‌లకు స్పందించడం మానేస్తోంది. వెంటనే తేరుకుంటోంది. పక్కకు తిరిగి ఉంటే ఈ తడబాటు రావడం లేదు. యాంటెన్నాల వల్లేనా? అయితే ఎక్కడ, ఎలా కట్టాలి? పెద్దలు చెప్పేదాకా ఎగరవేయడం ఆపేశాను.

తోకరోటర్ (హైదరాబాద్)

ఆపడం మంచి పని, కొత్తరెక్క గారూ. మీ వర్ణనలోనే సగం జవాబు ఉంది. ముక్కు మీ వైపు ఉన్నప్పుడు మీ చేతిలోని ట్రాన్స్‌మిటర్‌కూ యాంటెన్నాలకూ మధ్య ఏమేం అడ్డొస్తున్నాయో వరుసగా చూడండి. ముందు బ్యాటరీ, దాని వెనక ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం), ఆ వెనక మోటారు, రెండు పక్కలా కార్బన్ పలకలు. ఇవన్నీ సిగ్నల్‌ను ఆపేవే. కార్బన్ ఫైబర్ చూపుకు ప్లాస్టిక్‌లా ఉన్నా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగానికి అది దాదాపు రేకు గోడే. రెండు పలకల మధ్య యాంటెన్నా పెట్టడమంటే దానిని పెట్టెలో పెట్టి మూత వేయడమే.

ఇక రెండింటినీ పక్కపక్కనే, ఒకే దిశలో అంటించడం రెండో లోపం. రెండు యాంటెన్నాలు ఇచ్చిందే ఒకదానికి అందనప్పుడు ఇంకొకదానికి అందాలని. రెండూ ఒకే చోట, ఒకే దిశలో ఉంటే కష్టం వచ్చినప్పుడు రెండూ ఒకేసారి పోతాయి. ఆ రిసీవర్‌లో రెండో యాంటెన్నా ఉన్నా లేనట్టే.

450లో నేను చేసేది ఇది. రిసీవర్ ఎక్కడున్నా ఫరవాలేదు, యాంటెన్నాల కొనలు మాత్రం ఫ్రేము దాటి బయటికి రావాలి. ఒకటి స్కిడ్ (నేల మీద ఆనే చట్రం) కాలు దగ్గర నిలువుగా కిందికి. ఇంకొకటి రెండు స్కిడ్ కాళ్లను కలిపే ప్లాస్టిక్ అడ్డకమ్మీ వెంట, ఎడమ నుంచి కుడికి. రెండింటి మధ్య 90 డిగ్రీలు. నిలువుగా ఉన్న కొన నేలకు తగలకుండా కాస్త పైకే ఆగాలి. ఇంకో సంగతి, స్కిడ్ కాళ్లు ప్లాస్టిక్‌వే అయినా నేలను తాకే పొడుగాటి గొట్టాలు చాలా 450లలో అల్యూమినియంవి. ఆ గొట్టాల వెంట యాంటెన్నాను పడుకోబెట్టకండి.

సోల్డర్‌గన్ (గుంటూరు)

తోకరోటర్ గారు చెప్పిన పద్ధతి సరైనదే. ఎందుకు సరైనదో కూడా తెలిస్తే రేపు వేరే మోడల్‌లో మీరే చోటు వెతుక్కోగలరు. నేను హామ్ రేడియో మనిషిని, యాంటెన్నా మాట వస్తే నాలుగు వాక్యాలు ఎక్కువే రాస్తాను.

300ను మెగాహెర్ట్జ్‌లలోని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. 2440తో భాగిస్తే 0.123 మీటర్లు, అంటే 12.3 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు సుమారు 31 మిల్లీమీటర్లు. ఇప్పుడు మీ రిసీవర్ నుంచి వచ్చే సన్నటి తీగ చివర చూడండి. బూడిద రంగు లేదా నల్ల తీగ కొంత దూరం వచ్చాక ఒక మెట్టులా సన్నబడుతుంది. ఆ సన్నటి భాగం కొలిస్తే 31 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. సిగ్నల్‌ను పట్టేది ఆ ముక్క ఒక్కటే. వెనక ఉన్నదంతా కోయాక్స్ కేబుల్. లోపలి తీగ చుట్టూ లోహపు జాలీ ఉంటుంది కాబట్టి అది కేవలం మోసుకొచ్చే దారి. దానిని కార్బన్ మీదుగా తీసుకెళ్లినా, ఫ్రేము మధ్యలోంచి లాగినా పెద్ద నష్టం లేదు. ఆ చివరి 31 మి.మీ. ఎక్కడ ఉంది, ఎటు చూస్తోంది అన్నదే అసలు ప్రశ్న.

ఇందులో చాలామంది పట్టించుకోని మెలిక ఒకటుంది. పావు తరంగపు తీగ ఒంటరిగా పనిచేయదు, దానికి జోడీ కావాలి. ఇక్కడ ఆ జోడీ పాత్ర పోషించేది జాలీ చివరి భాగమే. అందువల్ల సన్నబడే మెట్టు సరిగ్గా కార్బన్ అంచు మీద పడేలా కట్టకండి. ఆ మెట్టుకు వెనక మరో రెండు మూడు సెంటీమీటర్ల కోయాక్స్ కూడా తెరిపిన పడితే మంచిది.

దిశ సంగతి. నిటారుగా నిలబెట్టిన తీగ చుట్టూ దాని గ్రహణశక్తి గారె ఆకారంలో ఉంటుంది. తీగ ఆ చిల్లులోంచి పోతోందనుకోండి. పక్కల నుంచి వచ్చేదంతా బాగా అందుతుంది, తీగ కొన చూస్తున్న దిక్కు నుంచి వచ్చేది దాదాపు అందదు. ట్రాన్స్‌మిటర్ యాంటెన్నాకూ ఇదే వర్తిస్తుంది. యాంటెన్నా కొనను మోడల్ వైపు గురిపెట్టి ఎగరవేసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. అది బలహీనమైన దిక్కు. దానిని పక్కకు వంచి పెట్టుకోండి.

ఇక పోలరైజేషన్, అంటే తరంగం ఊగే దిశ. పంపే తీగ నిలువుగా, అందుకునే తీగ అడ్డంగా ఉంటే నష్టం 20 డెసిబెళ్ల దాకా పోవచ్చు. తెరిపి గాలిలో 20 డెసిబెళ్లు తగ్గడమంటే అందే దూరం పదో వంతుకు పడిపోవడం. విమానమైతే ఎక్కువ సేపు ఒకే తీరున ఎగురుతుంది. హెలికాప్టర్ తలకిందులవుతుంది, పక్కకు ఒరుగుతుంది, ముక్కు నేలకు దించి నిలబడుతుంది. కాబట్టి మనకు 90 డిగ్రీల నియమం ఇంకా ఎక్కువ అవసరం.

పాతబ్యాండు (స్టుట్‌గార్ట్, జర్మనీ)

సోల్డర్‌గన్ గారి వివరణ చదివి సంతోషం కలిగింది. నేను 35 మెగాహెర్ట్జ్ కాలం నుంచి ఎగరవేస్తున్నాను. ఆ కాలపు అలవాట్లు కొన్ని ఈ కాలపు హెలికాప్టర్లలోకి ప్రశ్నించకుండా వచ్చేశాయి. వాటిని వేరుచేసి చెప్పాలనిపించింది.

35 మెగాహెర్ట్జ్‌లో తరంగం ఎనిమిదిన్నర మీటర్ల పొడవు. రిసీవర్ నుంచి దాదాపు మీటరు పొడవు మెత్తని తీగ వేలాడేది, ఆ మీటరంతా యాంటెన్నానే. కత్తిరించకూడదు, చుట్ట చుట్టకూడదు, ఫ్రేము వెంట మడతలు వేయకూడదు. హెలికాప్టర్‌లో దానికి చోటేది? అందుకే స్కిడ్‌కు ప్లాస్టిక్ గొట్టం కట్టి, తీగను అందులోంచి వెనక్కి తోక కిందుగా లాగేవాళ్లం. కొన కాస్త వేలాడేది. అమెరికాలో 72 మెగాహెర్ట్జ్ మిత్రులూ ఇదే చేసేవారు. ఇంకో ఆందోళన కూడా ఉండేది. ఒకే ఛానెల్‌లో ఇద్దరు ట్రాన్స్‌మిటర్ వేస్తే ఒకరి మోడల్ నేల కూలేది. అందుకే మైదానంలో ఫ్రీక్వెన్సీ బోర్డు, ఛానెల్‌కు ఒక క్లిప్పు.

2005 తర్వాత 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చి ఆ రెండు చింతలూ తీర్చాయి. తీగ వేలు పొడవుకు కుదించుకుపోయింది. అయితే ఆ కుదింపుకు చెల్లించిన మూల్యం ఇది. ఎనిమిదిన్నర మీటర్ల తరంగానికి అరచేతి వెడల్పు కార్బన్ పలక అడ్డే కాదు, అది చుట్టూ ఒంగి వచ్చేస్తుంది. పన్నెండు సెంటీమీటర్ల తరంగానికి అదే పలక, అదే బ్యాటరీ పెద్ద నీడ వేస్తాయి. పాతకాలంలో పొడవు గురించి ఆలోచించేవాళ్లం. ఇప్పుడు నీడ గురించి ఆలోచించాలి. కొత్తరెక్క గారి హెలికాప్టర్‌లో పాత యజమాని యాంటెన్నాలను "చక్కగా దాచడం" నీడను పట్టించుకోకపోవడమే.

కొత్తరెక్క (కరీంనగర్)

ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. కొలిచి చూశాను, సన్నటి భాగం రెండింటిలోనూ 31 మి.మీ. ఉంది. దెబ్బ తగిలిన గుర్తులు లేవు. ఇప్పుడు ఆచరణకు సంబంధించిన సందేహాలు. ఆ మెత్తటి తీగ నిలువుగా ఎలా నిలుస్తుంది? ఏ గొట్టం వాడాలి? నేరుగా జిప్ టైతో బిగించవచ్చా? ఒక యాంటెన్నా పొడవు అడ్డకమ్మీ దాకా చాలడం లేదు, మధ్యలో ముక్క అతికించవచ్చా?

సముద్రగాలి (విశాఖపట్నం)

గొట్టాల విషయం నాకు వదలండి. ఒకప్పుడు కూల్‌డ్రింకు స్ట్రాలు, చెవి పుల్లల కాడలు వాడేవాళ్లం. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై నిషేధంలో అవి రెండూ పోయాయి. మంచిదే, ఎందుకంటే అవి ఎండకు పెళుసై విరిగేవి. ఇప్పుడు నాకు నచ్చినవి మూడు. ఖాళీ అయిన బాల్ పెన్ను రీఫిల్ (సిరా పూర్తిగా కడిగి, లోహపు మొన తీసేసి), అక్వేరియం గాలి గొట్టం, బిందు సేద్యానికి వాడే సన్నటి మైక్రో ట్యూబు. మీ వైపు వ్యవసాయ పరికరాల దుకాణంలో మైక్రో ట్యూబు మీటర్ల లెక్కన దొరుకుతుంది. నలుపు రంగుది ఎండను బాగా తట్టుకుంటుంది, వంచితే విరగదు, నేలకు తగిలినా మళ్లీ నిటారుగా లేస్తుంది. 450కి నా ఓటు దానికే.

జిప్ టై యాంటెన్నా మీద ఎప్పుడూ వేయకండి. గొట్టాన్ని స్కిడ్‌కు జిప్ టైతో కట్టి, యాంటెన్నాను గొట్టంలోకి దూర్చండి. కోయాక్స్ లోపల మెత్తటి ఇన్సులేషన్ ఉంటుంది. గట్టిగా నొక్కితే లోపలి తీగ పక్కకు జరిగి జాలీని తాకే ప్రమాదం ఉంది. పైకి ఏమీ కనిపించదు. పదునుగా మడవకూడదు కూడా. వంపు చిటికెన వేలి లావుకన్నా తక్కువ కాకుండా చూసుకోండి.

కార్బన్ పలక అంచులు బ్లేడులా కోస్తాయి. కోయాక్స్ అంచును దాటే చోట చిన్న సిలికాన్ గొట్టం ముక్క తొడగండి. లేదా ఆ అంచును గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దండి. కంపనానికి తీగ మెల్లగా అరుగుతూ ఉంటుంది, ఎప్పుడు తెగిందో తెలియదు.

తోకరోటర్ (హైదరాబాద్)

సముద్రగాలి గారు చెప్పినదానికి ఒక్క చేర్పు. గొట్టం కొనలో యాంటెన్నా జారకుండా చాలామంది గ్లూ గన్‌తో చుక్క పెడతారు. మన ఎండల్లో, ముఖ్యంగా కారు డిక్కీలో, ఆ జిగురు మెత్తబడి జారిపోతుంది. సిలికాన్ సీలెంట్ వాడదలచుకుంటే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వచ్చేది వద్దు. అందులోంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం రాగిని తినేస్తుంది. వాసన లేని న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి. నేనైతే ఏ జిగురూ పెట్టను. గొట్టం వెనక కొసన కోయాక్స్‌నూ గొట్టాన్నీ కలిపి హీట్ ష్రింక్ వేస్తాను. వేడి చేసేటప్పుడు యాంటెన్నా కొన వైపు సెగ తగలనివ్వను.

రెండు వైపులా అతికే ఫోమ్ టేపు ఒక్కదానినే నమ్మి రిసీవర్‌ను అంటించేవారికీ ఇదే మాట. మే నెలలో టేపు మెత్తబడుతుంది. పైన ఒక వెల్క్రో పట్టీ కూడా వేయండి.

డల్లాస్_హెలి (డల్లాస్, టెక్సస్)

తీగకు ముక్క అతికించాలన్న ఆలోచన వద్దే వద్దు, కొత్తరెక్క గారూ. 2.4 గిగాహెర్ట్జ్‌లో టంకం పెట్టిన అతుకు దగ్గర సిగ్నల్ వెనక్కి తిరిగిపోతుంది. యాంటెన్నాను ఏ రకంగానూ కత్తిరించకూడదు, పెంచకూడదు. పొడవు చాలకపోతే రిసీవర్‌నే జరపండి, లేదా పొడుగు కోయాక్స్ ఉన్న కొత్త యాంటెన్నా తెప్పించండి.

నేను ఎగరవేసేది 700 తరగతి. అందులో చోటు చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. కొత్త డిజైన్లలో ఫ్రేమే కాదు, బూమ్ కూడా కార్బన్. ముందు ఆరేసి సెల్‌ల బ్యాటరీలు రెండు. ఒకే రిసీవర్‌తో అన్ని దిక్కులూ చూడటం కష్టం. అందుకే ఫ్లైబార్‌లెస్ యూనిట్‌కు (హెలికాప్టర్‌ను నిలకడగా ఉంచే ఎలక్ట్రానిక్ పెట్టెకు) నేరుగా రెండు శాటిలైట్ రిసీవర్లు (చిన్న అదనపు రిసీవర్లు) కలుపుతాను. ఒకటి ముందు భాగంలో, బ్యాటరీ అర కింద, కొనలు ఎడమ కుడి వైపులకు. రెండోది వెనక, బూమ్ మొదలయ్యే చోట, పక్క ఫ్రేము బయట, కొనలు పైకీ కిందికీ. రెండింటి మధ్య ఎంత ఎక్కువ దూరం ఉంటే అంత మంచిది. కనీసం 5 సెంటీమీటర్లు అని తయారీదారులు చెబుతారు, 700లో దానికి ఎన్నో రెట్లు దొరుకుతుంది. ముక్కు నా వైపు ఉంటే ముందుది, తోక నా వైపు ఉంటే వెనకది తెరిపిన ఉంటుంది.

కెనోపీ (ముందు భాగాన్ని కప్పే తొడుగు) గురించి కూడా అడగాల్సింది. ఫైబర్ గ్లాస్ కెనోపీ సిగ్నల్‌ను ఆపదు. కార్బన్ కెనోపీ అయితే ఆపుతుంది, ముందు శాటిలైట్ దాని లోపల ఉంటే లాభం లేదు. వెండి పొర ఉన్న స్టిక్కర్లు, లోహపు పొడి కలిపిన పెయింట్లు కూడా అనుమానించదగ్గవే.

సోల్డర్‌గన్ (గుంటూరు)

డల్లాస్_హెలి గారూ, అతుకు వద్దన్న మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. "ఏ రకంగానూ కత్తిరించకూడదు" అన్నదానితో కాదు. కోయాక్స్ పొడవు ట్యూన్ చేసిన పొడవు కాదు. ట్యూన్ చేసింది చివరి 31 మి.మీ. మాత్రమే. ఆ కొన రెక్కకు తగిలి సగం తెగిపోయిందనుకోండి, కోయాక్స్ తగినంత ఉంటే పైతొడుగునూ జాలీనీ జాగ్రత్తగా ఒలిచి మళ్లీ 31 మి.మీ. బయటపెట్టవచ్చు. లోపలి తీగ చుట్టూ ఉన్న తెల్లటి ఇన్సులేషన్‌ను ముట్టుకోకూడదు. జాలీ పోగు ఒక్కటి కూడా ముందుకు పొడుచుకు రాకూడదు. కొత్త బ్లేడు, భూతద్దం, నిలకడైన చెయ్యి కావాలి. ఇది సాధారణ కోయాక్స్ రకానికే వర్తిస్తుంది. కొన దగ్గర ఇత్తడి గొట్టం తొడిగినవి, చిన్న సర్క్యూట్ బోర్డు ముక్కలా ఉండేవి వేరే నిర్మాణాలు, వాటిని మార్చడమే తప్ప బాగుచేయలేం.

డల్లాస్_హెలి (డల్లాస్, టెక్సస్)

మీ వివరణ ఒప్పుకుంటున్నాను, నేను గీసిన గీత మరీ గట్టిది. కొత్తవారు మాత్రం కొత్త యాంటెన్నా కొనుక్కోవడమే మేలని ఇప్పటికీ అంటాను. ఊడదీసి మార్చగలిగే యాంటెన్నాల సాకెట్ చాలా సున్నితం. ఆ రకం కనెక్టర్లకు తయారీదారు చెప్పే ఆయుష్షు 30 సార్లు పెట్టి తీయడం. తీసేటప్పుడు తీగ పట్టుకుని లాగకుండా కనెక్టర్‌ను నిటారుగా పైకి లేపాలి. పెట్టాక కంపనానికి ఊడకుండా రిసీవర్ పెట్టె మూత దానిని నొక్కి పట్టాలి, లేదా కోయాక్స్‌ను ఆ పెట్టెకే ఒకచోట కట్టాలి.

పాతబ్యాండు (స్టుట్‌గార్ట్, జర్మనీ)

బెల్టు తోక అన్నారు కదా, దాని గురించి ఎవరూ రాయలేదు. రబ్బరు బెల్టు పుల్లీల మీద వేగంగా తిరుగుతుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. పాఠశాల ప్రయోగశాలలోని వాన్ డి గ్రాఫ్ యంత్రం పనిచేసేది సరిగ్గా ఇలాగే. ఆ ఆవేశం అల్యూమినియం బూమ్ మీద పోగుపడి, పోయే దారి లేకపోతే దగ్గర్లోని తీగలోకి రవ్వగా దూకుతుంది. ఆ దగ్గర్లోని తీగ మీ యాంటెన్నా కావచ్చు, తోక సర్వో (తోక రెక్కల కోణం మార్చే చిన్న మోటారు) తీగ కావచ్చు.

మల్టీమీటర్ తీసుకుని బూమ్‌కూ మోటారు ఒంటికీ మధ్య నిరోధం కొలవండి. రంగు వేసిన లేదా అనోడైజ్ చేసిన పైపొర విద్యుత్తును పోనివ్వదు, అందుకే బూమ్ ఫ్రేములో గట్టిగా బిగిసి ఉన్నా మీటరులో ఏమీ కనిపించకపోవచ్చు. బూమ్ ముందు కొసన కనబడని చోట పైపొర గీకి, సన్నటి తీగతో మోటారు బిగించే స్క్రూకు కలపండి. అంతటితో ఆవేశం పోగుపడదు. యాంటెన్నా కొనలను బూమ్‌కు దూరంగా ఉంచడానికి ఇది మరో కారణం.

పొడి గాలిలో ఈ బాధ ఎక్కువ. సముద్రగాలి గారికి విశాఖలో ఇది కనిపించకపోవచ్చు, కరీంనగర్ చలికాలంలో కనిపించవచ్చు.

సముద్రగాలి (విశాఖపట్నం)

నిజమే, నాకు స్థిర విద్యుత్తు బెడద లేదు. మా బెడద ఉప్పు గాలి. తీగ చర్మం ఎక్కడైనా చిట్లితే లోపలి జాలీ పచ్చబడి పొడి అవుతుంది. సముద్రం దగ్గర ఎగరవేసేవారు ఆ మెట్టు దగ్గర ఏటా ఒకసారి భూతద్దంతో చూసుకోండి.

నూనెచేతులు (రాజమహేంద్రవరం)

నాది 50 సైజు నైట్రో (నైట్రో ఇంధనంతో నడిచే ఇంజిన్ హెలికాప్టర్). ఈఎస్‌సీ లేదు, పెద్ద బ్యాటరీ లేదు, యాంటెన్నా గురించి ఇంత ఆలోచించాలా?

తోకరోటర్ (హైదరాబాద్)

ఆలోచించాలి. మీకు బ్యాటరీ నీడ బదులు ఇంజిన్, మఫ్లర్, ఇంధనపు ట్యాంకు ఉన్నాయి. మఫ్లర్ లోహం, పైగా కాలుతుంది. గొట్టం ఆ వైపు వెళితే కరిగి యాంటెన్నా దానికి అతుక్కుంటుంది. మఫ్లర్ లేని పక్కకు తిప్పండి. నూనె పొగ టేపు జిగురును కరిగించి ఊడదీస్తుంది కాబట్టి మీరు టేపుల మీద అసలు ఆధారపడకండి, జిప్ టైలే. స్పార్క్ ప్లగ్గు ఉన్న పెట్రోలు ఇంజిన్ అయితే ఇగ్నిషన్ యూనిట్ నుంచి రిసీవర్‌నూ కొనలనూ వీలైనంత దూరం పెట్టాలి. మీ నైట్రో ప్లగ్గు రవ్వ కొట్టదు, ఆ బాధ లేదు.

క్వాడ్‌వాలా (బెంగళూరు)

మేం క్వాడ్‌లలో (నాలుగు రోటర్ల డ్రోన్లలో) ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్ అనే రేడియో కంట్రోల్ పద్ధతి వాడతాం. తక్కువ ఫ్రీక్వెన్సీ అడ్డంకులను బాగా దాటుతుంది కదా, హెలికాప్టర్లకు దాని 900 మెగాహెర్ట్జ్ రకం పెడితే ఈ నీడల గొడవే ఉండదేమో?

సోల్డర్‌గన్ (గుంటూరు)

తక్కువ ఫ్రీక్వెన్సీ నీడలను కాస్త మెరుగ్గా దాటుతుందన్నది నిజం. కానీ రెండు సంగతులు. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోదగ్గది 865–868 మెగాహెర్ట్జ్. 915 చుట్టూ ఉన్నది మొబైల్ సంస్థల బ్యాండు, అందులోకి వెళ్లకూడదు. ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్‌లో మన కోసం ఐఎన్866 అనే ఎంపిక ఉంది, అదే ఎంచుకోవాలి. రెండోది, 866కి పావు తరంగం 86 మి.మీ. టి ఆకారపు డైపోల్ అయితే చివర నుంచి చివరకు 17 సెంటీమీటర్లు. 450 మీద కార్బన్‌కు దూరంగా, రెక్కకు అందకుండా దానికి చోటు దొరకదు. మైదానంలో మనం ఎగరవేసే దూరాలకు 2.4 గిగాహెర్ట్జ్ పుష్కలంగా సరిపోతుంది, చోటు సరిగా ఎంచుకుంటే చాలు.

తోకరోటర్ (హైదరాబాద్)

కొత్తరెక్క గారూ, యాంటెన్నాలు మార్చాక వెంటనే ఎగరవేయకండి. రేంజి పరీక్ష ఇలా చేయండి. మెయిన్ రెక్కలూ తోక రెక్కలూ తీసేయండి. హెలికాప్టర్‌ను చెక్క లేదా ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టండి, ఇనుప బల్ల వద్దు. ట్రాన్స్‌మిటర్‌ను రేంజి చెక్ మోడ్‌లో పెడితే శక్తి బాగా తగ్గుతుంది. మీ మాన్యువల్ చెప్పిన దూరం నడవండి, చాలా సెట్లకు అది 30 అంగలు. అక్కడి నుంచి స్టిక్‌లు కదుపుతూ ఉండండి. తోడు వచ్చినవారు హెలికాప్టర్‌ను నెమ్మదిగా చుట్టూ తిప్పాలి. తర్వాత ఎత్తి ముక్కు కిందికి, పైకి, పక్కకు, బోర్లా. తిప్పేవారి ఒళ్లు ట్రాన్స్‌మిటర్‌కూ మోడల్‌కూ మధ్య రాకూడదు. మనిషి శరీరంలోని నీరు ఈ ఫ్రీక్వెన్సీని మింగేస్తుంది. చివరగా స్టూలు మీద గట్టిగా కట్టి మోటారు నడిపి మళ్లీ చూడండి.

ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోడల్ ఏం చేయాలో ముందే పెట్టే ఏర్పాటు) కూడా అప్పుడే చూడండి. మోటారు పిన్యన్‌ను (మోటారు మీది చిన్న పళ్లచక్రాన్ని) పెద్ద గేరు నుంచి విడదీసి, ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే మోటారు తక్షణం ఆగాలి. సిగ్నల్ పోయినప్పుడు నిండు వేగంతో తిరిగే రోటర్ ఒకరి మీదికి పోవడం కన్నా హెలికాప్టర్ విరగడమే నయం. ఈ ఒక్క విషయంలో నాకు రాజీ లేదు.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. క్షణం పాటు స్పందన ఆగడానికి బీఈసీ (రిసీవర్‌కూ సర్వోలకూ కరెంటు అందించే భాగం) వోల్టేజీ పడిపోవడం కూడా కారణం కావచ్చు. మెయిన్ రోటర్‌ను వంచే మూడు సైక్లిక్ సర్వోలూ తోక సర్వో ఒకేసారి బలంగా లాగితే వోల్టేజీ కుంగి రిసీవర్ మళ్లీ మొదలవుతుంది. కానీ అది గట్టి విన్యాసాల్లో వస్తుంది, ముక్కు దిశను బట్టి కాదు. మీ లక్షణం దిశను బట్టి ఉంది కాబట్టి యాంటెన్నా వైపే మొగ్గుతున్నాను. అయినా టెలిమెట్రీలో (మోడల్ నుంచి ట్రాన్స్‌మిటర్‌కు వచ్చే సమాచారంలో) అత్యల్ప వోల్టేజీ చూడండి.

కొత్తరెక్క (కరీంనగర్)

అన్నీ చేశాను. బూమ్‌కూ మోటారుకూ మధ్య మీటరులో ఏమీ చూపలేదు, పాతబ్యాండు గారు చెప్పినట్టు గీకి తీగ కలిపాను, ఇప్పుడు చూపుతోంది. మైక్రో ట్యూబులో ఒక యాంటెన్నా స్కిడ్ దగ్గర నిలువుగా, ఇంకొకటి అడ్డకమ్మీ వెంట. పొడవు చాలనందుకు రిసీవర్‌ను ముందుకు జరిపాను. రేంజి పరీక్ష అన్ని భంగిమల్లోనూ నిలిచింది. ఫెయిల్‌సేఫ్‌లో మోటారు ఆగుతోంది.

ఎగరవేస్తే ముక్కు నా వైపు ఉన్నప్పటి తడబాటు పోయింది. రిసీవర్ నమోదు చేసిన లాగ్ ఇలా ఉంది: ఎ యాంటెన్నా ఫేడ్‌లు 64, బి యాంటెన్నా 590, ఫ్రేమ్ లాస్ 9, హోల్డ్ 0. అత్యల్ప వోల్టేజీ 5.7. బి అంటే అడ్డకమ్మీ మీదది. ఇది సరిపోతుందా?

డల్లాస్_హెలి (డల్లాస్, టెక్సస్)

అభినందనలు. హోల్డ్ సున్నా ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. ఈ లాగ్ పద్ధతిలో వరసగా 45 ఫ్రేములు పోతేనే హోల్డ్ లెక్కవేస్తారు, అంటే సుమారు ఒక సెకను. అది ఒక్కటి కనిపించినా ఎగరవేయకూడదు. ఫ్రేమ్ లాస్ అంటే ఒకే క్షణంలో రెండు యాంటెన్నాలూ వినలేకపోవడం, 20 లోపు ఉంటే మంచిది. ఫేడ్ ఒక్కో యాంటెన్నాది విడివిడిగా, 50 నుంచి 100 మామూలు. ఒక యాంటెన్నాలో 500 దాటితే దాని చోటు మార్చమని మాన్యువల్ చెబుతుంది.

కాబట్టి బి ఇంకా నీడలోనే ఉంది. ప్రస్తుతం ఎ దానిని కాపాడుతోంది. ఎ నిలువుగా ఉంది కాబట్టి హెలికాప్టర్ మీ తల మీదికి వస్తే అది బలహీనపడుతుంది, అప్పుడు భారమంతా బి మీదే. దానిని ఇలా వదలకండి.

సోల్డర్‌గన్ (గుంటూరు)

కొత్తరెక్క గారూ, బి కొన సరిగ్గా ఎక్కడ ఆగిందో చెప్పండి. ముందు అడ్డకమ్మీ మీదనా, వెనకదాని మీదనా? రిసీవర్ ముందుకు జరిపారంటే ముందుదే అయి ఉండాలి. అయితే దాని నెత్తి మీదే బ్యాటరీ ఉంది.

కొత్తరెక్క (కరీంనగర్)

అవును, ముందుదే. సన్నబడే మెట్టు ఫ్రేము అడుగు పలక కింద ఉంది, కొన కుడి కాలు వైపు. బ్యాటరీ దాని పైన రెండు వేళ్ల ఎడంలో.

సోల్డర్‌గన్ (గుంటూరు)

అదే కారణం. కోయాక్స్‌ను ఇంకో మూడు సెంటీమీటర్లు కుడికి లాగి, మెట్టు ఫ్రేము అంచు దాటేలా చేయండి. 31 మి.మీ. పూర్తిగా కుడి స్కిడ్ కాలు వంపు మీద పడాలి, కాస్త ఏటవాలుగా ఉన్నా పరవాలేదు. ఎ నిలువుగానే ఉంది కాబట్టి వాటి మధ్య కోణం 90కి బదులు 70 అయినా పెద్ద తేడా రాదు. కోణం కోసం బ్యాటరీ కిందికి దూర్చడం కన్నా తెరిపి కోసం కోణం కొంచెం వదులుకోవడం మేలు. మార్చాక అదే మైదానంలో, అదే దూరాల్లో ఎగరవేసి బి అంకె మళ్లీ రాయండి.